బూట్లు మెత్తబరిచే మనిషి

క్వారీలో కొత్త బూట్లు పంచిన మర్నాటి నుంచి చీమకుర్తిలో సగం మంది మగవాళ్ళు కుంటడం మొదలుపెట్టారు. ఊరికి ఏదో కాళ్ళ జబ్బు దాపురించిందనుకుంది దేవకుమారి. మిరపకోతకు పోయే ఆటో కోసం రోడ్డు మీద నిలబడి చూస్తే, రాతి పనికి పోయేవాళ్ళందరూ బూట్లను లేసులతో ముడేసి మెడలో వేలాడేసుకుని, కాళ్ళకు రబ్బరు చెప్పులతో నడుస్తున్నారు. గేటు కనబడేదాకా అలా వెళ్ళి, అక్కడ గట్టు మీద కూలబడి, దేవుడి మీద భారం వేసి బూట్లలో కాళ్ళు దూర్చేవాళ్ళు. సాయంత్రం బయటికి రాగానే మళ్ళీ అదే గట్టు మీద విప్పేసేవాళ్ళు.

నిజం చెప్పాలంటే బూట్లు నాసిరకం కావు. ముందు భాగంలో లోపల ఇనప తొడుగు ఉంటుంది, రాయి పడినా వేళ్ళు నలగవు. తప్పంతా సైజుది. కాంట్రాక్టరు మనిషి శ్యామ్ సుందర్ ఒక్కడి కాలు కూడా కొలిచిన పాపాన పోలేదు. మగాడి కాలు తొమ్మిదో పదో ఉంటుందని తేల్చేసి ఒకే లాటు దింపించాడు. అక్కడి కాళ్ళు చూస్తే చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండా నల్లరేగడిలో తిరిగినవి. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. పొడవు సరిపోతే వెడల్పు చాలదు, వెడల్పు చాలితే మడమ దగ్గర లొడలొడ. చిన్నవేలి పక్కన కాస్త కోసుకుందామని ఇద్దరు బ్లేడు పెడితే వాళ్ళను గేటు దగ్గరే ఆపి ఇంటికి పంపేశాడు. రోజూ పొద్దున్నే అందరి కాళ్ళకూ ఫోటో తీసి పైవాళ్ళకు పంపాలట. ఫోటోలో బూట్లు కనబడితే చాలు, వాటిలో కాళ్ళు ఏమవుతున్నాయో ఎవరూ అడగరు.

ఇన్ని కుంటి కాళ్ళ మధ్య ఒక్కడు మాత్రం పెళ్ళికొడుకులా నడిచి వచ్చాడు. అతను దేవకుమారి మొగుడు నతానియేలు. పేట మొదట్లో బూట్లతోనే కనబడ్డాడు, ఇంటి ముందు దాకా బూట్లతోనే వచ్చాడు, అరుగు మీద కూర్చుని టీ తాగి అప్పుడు తీరిగ్గా లేసులు విప్పాడు. నొప్పిగా లేదా అని ఆమె అడిగితే, నొప్పెందుకు, పత్తి మీద నడిచినట్టుంది అన్నాడు. అంతమంది గోల పెడుతున్న చోట తన మొగుడికి ఏమీ కాకపోవడం ఆమెకు ముచ్చటేసింది. అతను మొదటి నుంచీ ఓర్పు మనిషే. పన్ను పీకించుకున్న రోజున కూడా ఇంటికొచ్చి ఏమీ జరగనట్టు చారన్నం తిన్నాడు.

అదిగో, ఆ ఓర్పు మీదే ఊరంతా కన్నేసింది.

నతానియేలుది డ్రిల్లు మిషను మీద పని. బండ మీద వరసగా బెజ్జాలు వేసుకుంటూ పోవాలి, ఆ మిషను అదురును రోజంతా ఒంట్లోకి తీసుకోవాలి. అతనికి జోడీ గౌస్ బాషా. ఒకడు మిషను పడితే ఇంకొకడు దుమ్ము లేవకుండా నీళ్ళు కొడతాడు, చేతులు నొప్పి పుట్టాక మార్చుకుంటారు. బాషాకు నోరు పెద్దది, కాళ్ళు అంతకన్నా వెడల్పు. బూట్ల సంగతిలో అతను పడని పాట్లు లేవు. ఆముదం పట్టించాడు, ఎండలో పెట్టాడు, తడి గోనెగుడ్డలు కుక్కాడు. నానేసిన శనగలు పోసి ఉంచితే అవి ఉబ్బి తోలును సాగదీస్తాయని ఎవరో చెబితే అదీ చేశాడు. శనగలు శుభ్రంగా ఉబ్బాయి గానీ తోలు ఇసుమంత కదల్లేదు. ఆ శనగలు తీసుకెళ్ళి బర్రె ముందు పోస్తే అది వాసన చూసి మొహం తిప్పుకుందని అతనే చెప్పి నవ్వించాడు. నవ్వుతూనే మడమ చూపించాడు. బొబ్బ చితికి సాక్సుకు అంటుకుపోయి ఉంది.

"అన్నా, నీ కాళ్ళకు ప్రభువు ఓర్పిచ్చాడు," అన్నాడు బాషా. "నీ కాలూ నా కాలూ ఒకటే వెడల్పు. నీవి ఎటూ మెత్తబడ్డాయి గదా, అవి కొన్నాళ్ళు నాకివ్వు. నావి ఒక రెండ్రోజులు తొడిగి లొంగదీసి పెట్టు."

నతానియేలు దేవకుమారి వైపు చూశాడు. ఒకరి చేత ఏదైనా అడిగించుకోవడం అతనికి అలవాటు లేదు, అడగడమే అలవాటు. ఆ సంతోషం మొహంలో దాచుకోలేక, దాందేముందిరా ఇవ్వు అన్నాడు.

రెండో రోజు సాయంత్రానికి బాషా బూట్లు నిజంగానే లొంగాయి. ఏ నూనె వల్లా కానిది, రోజంతా ఒక వెడల్పు కాలు లోపల ఉండి, చెమట పట్టి, వేడెక్కి, నొక్కితే అయింది. బాషా వాటిని తొడుక్కుని పేట పొడవునా నడిచి చూపించాడు. అతను ఒకచోట చెప్పిన మాట అక్కడే ఆగదు. మర్నాడు ఇంకొకడు వచ్చాడు, ఆ మర్నాడు మరొకడు. దేవకుమారి ఇంటి అరుగు మీద బూట్లు జతలు జతలుగా చేరాయి, ఏ జత ఎవరిదో తెలియడానికి లేసులకు రంగు దారాలు కట్టింది. ఎన్నడూ ఈ పేట వైపు తిరిగి చూడని వాళ్ళు కూడా అరుగు దగ్గరికి వచ్చి, మేస్త్రీ ఉన్నాడా అని అడుగుతున్నారు. ఇరవై ఏళ్ళుగా అదే క్వారీలో పనిచేస్తున్నా నతానియేలును ఎవరూ మేస్త్రీ అన్నది లేదు. ఇప్పుడు బూట్ల మేస్త్రీ అయ్యాడు.

దేవకుమారికి కూడా గర్వంగానే ఉండేది, దాచడం దేనికి. పొద్దు వాలాక ఆముదం గిన్నె పెట్టుకుని, గుడ్డ పేలికతో బూట్లకు మర్దనా చేసేది. కుట్టు ఉన్నచోట బొటనవేలితో నొక్కి నొక్కి రాసేది. మిరపచేలో పక్క సాలులో కాయలు కోస్తున్న ఆడవాళ్ళకు, మా ఆయన తొడిగితే ఇనుమైనా లొంగాల్సిందే అని చెప్పుకుంది. వాళ్ళు పకపకా నవ్వి, ఆ ఇనుమేదో నీకే తెలియాలి అని ఆట పట్టించారు. సిగ్గుపడింది గానీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి కూడా ఆమె చూసింది, చూసి వదిలేసింది. అతను రాత్రిళ్ళు ఊరికే లేచి కుండలో నీళ్ళు ముంచుకుని తాగుతున్నాడు, బయటికి పోయొస్తున్నాడు. ఎండలు ముదురుతున్నాయి గదా అంటే నిజమే గదా అనుకుంది. క్వారీలో వైద్య శిబిరం పెట్టిన రోజు అతను ఒంట్లో బాగాలేదని పనికి పోకుండా ఇంట్లో పడుకున్నాడు. ఒంట్లో బాగాలేనివాడు డాక్టర్లు వచ్చిన చోటికి పోవాలి గానీ ఇంట్లో ముసుగుతన్నడం ఏమిటని ఆమెకు ఆ పూట తట్టలేదు. రోజంతా వంగి కాయలు కోసి వచ్చిన మనిషికి అన్నీ తట్టవు.

గురువారం నాటి కోత ముదర కాయది. అలాంటి కోత రోజున ఆడవాళ్ళ చేతులు పొయ్యిలో పెట్టినట్టుంటాయి. సబ్బుతో కడిగితే పోదు. మజ్జిగతో రుద్దుకోవాలి, కొబ్బరినూనె రాసుకోవాలి, అయినా తెల్లారేదాకా గోళ్ళ సందుల్లో కారం అలాగే ఉంటుంది. పసిపిల్లల తల్లులు ఆ చేత్తో బిడ్డను ఎత్తుకోరు. అన్నం కూడా చెంచాతో తింటారు. దేవకుమారి ఇల్లు చేరేసరికి నతానియేలు మంచం మీద కూర్చుని ఉన్నాడు, కాళ్ళకు ఎవరివో బూట్లు. శ్యామ్ సుందర్ ఆ రోజు గేటు దగ్గర తన భుజం తట్టాడని, మీ బ్యాచిలో నువ్వొక్కడివే సరిగ్గా నడుస్తున్నావన్నాడని చెప్పుకొస్తున్నాడు. ఆమె వింటూనే కింద కూర్చుని లేసులు విప్పింది.

కుడి బూటు వచ్చింది. సాక్సు రాలేదు. చిన్నవేలి దగ్గర తడిసి నల్లగా గట్టిపడి ఉంది. కాస్త గట్టిగా లాగింది. సాక్సుతో పాటు పల్చటి తోలు ఊడి వచ్చి, చిన్నవేలి మొదట్లో పచ్చి మాంసం బయటపడింది. వేలు వేలులా లేదు, నేరేడుపండు రంగులో ఉంది. అయ్యో అనుకుంటూ, కారుతున్నది తుడుద్దామని ఆమె అరచెయ్యి ఆ పుండు మీద అదిమింది.

అదిమాక గుర్తొచ్చింది, చెయ్యి ఇంకా మజ్జిగతో కడుక్కోలేదని.

చెయ్యి తీసేసి, అతను వేసే కేక కోసం భుజాలు ముడుచుకుని కూర్చుంది. కేక రాలేదు. పైన అతను ఇంకా శ్యామ్ సుందర్ సంగతే చెబుతున్నాడు. భుజం ఏ వైపు తట్టిందీ, పక్కన ఎవరెవరున్నదీ చెబుతున్నాడు. ఆమె తన చేతి వంక చూసుకుంది. కారం పోయిందేమో, తన చెయ్యే చల్లారిందేమో అన్న ఆశతో ఆ చేతి వేలిని పెదవికి తాకించుకుంది. పెదవి భగ్గుమంది, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. ఆ కన్నీళ్ళలోంచే మొగుడి మొహం చూసింది. అతను హాయిగా ఉన్నాడు.

"మండట్లేదా నీకు?"

"దేనికి?" అన్నాడు. వంగి చూసుకున్నాక, ఆమె చేతులను చూశాక మాట మార్చాడు. "మండుతుంది. మండితే మాత్రం ఏం చేస్తాం, ఓర్చుకున్నా."

ఆ మాటను నమ్మాలని ఆమెకు ఎంతగా ఉందో చెప్పడానికి లేదు. నమ్మితే అంతా మామూలుగా ఉంటుంది. అతను పాత నతానియేలే, ఓర్పు గలవాడే, పొద్దున లేచి పనికి పోతాడు. పుండును ఉప్పునీళ్ళతో కడిగి, పసుపు అద్ది, పాత పంచె చింపి కట్టు కట్టింది. కట్టు కడుతున్నంత సేపూ ఓరకంట అతని మొహమే చూసింది. ఉప్పునీళ్ళకు కూడా కనురెప్ప కదల్లేదు.

తెల్లారి బాషా నతానియేలును పనికి తీసుకుపోదామని వస్తే, అరుగు మీది బూట్లన్నీ గోనెసంచిలో వేసి అతని ముందు పెట్టింది. ఎవరివి వాళ్ళకు ఇచ్చేయమంది. సంగతి విని బాషా అరుగు మీద అలాగే కూర్చుండిపోయాడు. వాళ్ళ పెదనాన్నకు కూడా ఇలాగే అయిందన్నాడు. సలసల కాగే నీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని పాటలు విన్నాడట, తోలు ఊడొచ్చేదాకా తెలియలేదట. షుగరు నరాలను తినేస్తుందని డాక్టరు చెప్పాడట.

"నాదే తప్పు వదినా. అన్న కాళ్ళు బాగున్నాయనుకున్నా. అందరం అలాగే అనుకున్నాం."

లోపలి నుంచి నతానియేలు విన్నాడు. బయటికొచ్చి ముందు బాషా మీద పడ్డాడు, మీ పెదనాన్న గోల నాకెందుకురా అని. తర్వాత పెళ్ళాం మీదికి తిరిగాడు. అతను గొంతు పెంచి మాట్లాడటం ఆమె ఎన్నడో గానీ వినలేదు. శిబిరంలో షుగరు బయటపడినవాళ్ళను ఏం చేశారో తెలుసా అన్నాడు. ఎత్తు మీద పని వద్దన్నారు, కింద పని చూపిస్తామన్నారు. ఆ కింద పని ఎక్కడుందో ఇప్పటిదాకా ఒక్కడికీ కనబడలేదు. వాళ్ళంతా ఇళ్ళ దగ్గర కూర్చున్నారు.

"ఇన్నాళ్ళకు నలుగురిలో నా పేరు వినబడుతోంది," అన్నాడు. "నీ చేతులారా పోగొడతావా కుమారీ?"

ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఏడుస్తూనే అతని చొక్కా ఉతికింది ఒకటి తీసి మంచం మీద పెట్టింది. కాలు చూపించుకుని వచ్చేద్దాం, క్వారీలో ఎవరికీ తెలియక్కర్లేదు, బాషా నోరు నేను కుట్టేస్తాను అంది. బాషా తలూపాడు. చివరికి అతను వచ్చింది కూడా ఆమె మాటకు కాదు. బూటు తొడుక్కోబోతే కట్టుతో కాలు పట్టలేదు. బూట్లు లేకుండా గేటు దగ్గరికి పోయి లాభం లేదు.

ఒంగోలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్కనుంచి పోతున్న గ్రానైటు లారీలను చూస్తూ, ఆ రాయి మాదే, ఆ అంచున ఉన్నవి నేను వేసిన బెజ్జాలే అని చూపించాడు. కోపం పోయింది. అతని కోపం ఎక్కువసేపు ఉండేది కాదు. ఆసుపత్రిలో రక్తం తీసుకునేటప్పుడు చేతికి సూది గుచ్చితే చురుక్కుమని చెయ్యి లాక్కున్నాడు. చూశావా నొప్పి తెలుస్తోంది అన్నట్టు దేవకుమారి వైపు విజయంగా చూశాడు. ఆమె మనసు కూడా కాస్త తేలికపడింది.

డాక్టరమ్మ చిన్నపిల్లే గానీ చిరాకు లేని మనిషి. కట్టు విప్పి చూసినప్పుడు మాత్రం ఆవిడ మొహం బిగుసుకుంది. వేలు ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందంటే వీళ్ళిద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు. బూట్ల గురించి అడిగితే నతానియేలు ఉత్సాహంగా చెప్పాడు, అందరి బూట్లూ తనే మెత్తబరుస్తున్నానని. నడుస్తుంటే పత్తి మీద నడిచినట్టు ఉంటుందా అని ఆవిడ నెమ్మదిగా అడిగింది. అచ్చం అలాగే ఉంటుందండి, మంచి బూట్లండి, అన్నాడు.

తర్వాత ఆవిడ దేవకుమారిని పక్కకు పిలిచి చెప్పింది. చిన్నవేలు దక్కదు. అది తీసేయాల్సిందే. మిగతా కాలూ, రెండో కాలూ దక్కడమన్నది స్పర్శ ఎంతవరకు మిగిలి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. స్పర్శ ఉంటే దెబ్బ తగిలినప్పుడు మనిషికి తెలుస్తుంది, జాగ్రత్త పడతాడు. లేకపోతే బూట్లు వేసుకుని బండల మీద చేసే పని ఇక మర్చిపోవాలి. ఇప్పుడు అదే చూస్తాను అంది. ఈ మాటలు నతానియేలు చెవిన కూడా పడ్డాయి. పడకపోతే బాగుండేది.

బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చోబెట్టారు. డాక్టరమ్మ చేతిలో సన్నటి నైలాన్ దారం ఉంది, చీపురుపుల్లలో సగం కూడా ఉండదు. కళ్ళు మూసుకోమంది. నేను తాకిస్తూ అడుగుతాను, తగిలితే తెలుస్తోందని చెప్పాలి, లేకపోతే లేదనాలి, భయపడేదేమీ లేదు అంది. అతను బుద్ధిగా కళ్ళు మూసుకున్నాడు. దేవకుమారి అటువైపు, ఎడమ కాలి పక్కన నిలబడింది. ఎడమ కాలికి ఏ పుండూ లేదు, ఏ మచ్చా లేదు. పొద్దుటి నుంచి ఆమె ఆశంతా ఆ కాలి మీదే పెట్టుకుని ఉంది.

దారం బొటనవేలికి తగిలింది. "తెలుస్తోందా?"

"తెలుస్తోందండి."

అరికాలి మధ్యలో తగిలింది. తెలుస్తోందన్నాడు. మడమకు తగిలింది. తెలుస్తోందన్నాడు. ఒక్కో జవాబుకూ దేవకుమారికి ఊపిరి కాస్త కాస్తగా వస్తోంది. ఉప్పునీళ్ళకు కదలని కనురెప్పను కూడా మర్చిపోయింది. అతను నిజమే చెప్పాడు, ఓర్చుకున్నాడు, ఈయన ఎప్పుడూ ఇంతే అనుకుంది. అప్పుడు డాక్టరమ్మ దారం పట్టుకున్న చెయ్యిని వెనక్కి తీసేసుకుంది. కాలికి బెత్తెడు దూరంలో, ఉత్తగాలిలో పెట్టుకుంది.

"ఇప్పుడు?"

"తెలుస్తోందండి," అన్నాడు నతానియేలు.

డాక్టరమ్మ తల ఎత్తి దేవకుమారి వంక చూసింది. ఆమెకు ముందు వచ్చింది సిగ్గు. ఇంత వయసొచ్చి, బిడ్డలాంటి పిల్ల ముందు అబద్ధమాడి దొరికిపోయాడే అనుకుంది. ఇంకొకసారి ఆడకముందే ఆపాలనుకుంది. పైట చెంగు అడ్డం పెట్టి, ఇక చాల్లే అన్నట్టు, అతని ఎడమ కాలి బొటనవేలిని గిచ్చింది. అతనిలో ఉలుకు లేదు. ఇంకాస్త గట్టిగా గిచ్చింది. పళ్ళు బిగబట్టి, కోపమంతా వేళ్ళలోకి తెచ్చుకుని, గోళ్ళు లోపలికి దిగేదాకా గిచ్చింది. నతానియేలు ప్రార్థనలో కూర్చున్నట్టు నెమ్మదిగా కళ్ళు మూసుకుని, తరువాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడు. పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది, పరీక్ష బాగా రాస్తున్నవాడి నవ్వు.

ఓర్పు కాదు. ఏనాటి నుంచో గానీ, ఇది ఓర్పు కాదు.

"డాక్టరమ్మా," అంది. "ఆయనకేమీ తెలియట్లేదమ్మా."

నతానియేలు కళ్ళు తెరిచాడు. తన గుట్టు బయటపెట్టినందుకు కోపంగా ముందు ఆమె మొహం చూశాడు. అది చూసి చూపు కిందికి దించాడు. ఆమె వేళ్ళు ఇంకా అతని బొటనవేలి మీదే ఉన్నాయి. గోళ్ళ పక్కన రక్తం చిన్న చుక్కగా ఊరుతోంది. ఆ చుక్క వంక, ఆ చేతి వంక, తనది కాని కాలిని చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"ఎప్పుడు గిచ్చావు కుమారీ?" అని అడిగాడు.